నిశ్శబ్దాన్ని వినిపించే విద్య

ఎలక్ట్రిక్ కారు ప్రకటన తీయడం మామూలు మనుషులకు అంతుబట్టే వ్యవహారం కాదు. ఆ 30 సెకన్ల కోసం ఎంతమంది నిద్ర మానుకున్నారో తెలియక జనం ‘స్కిప్’ నొక్కేస్తారు. ఆ పాపం ఊరికే పోదు.

ముందు రోడ్డు కావాలి. కొండ అంచున మెలికలు తిరుగుతూ పోయే ఖాళీ రోడ్డు. ఎదురుగా లారీ రాకూడదు, పక్కన మనిషి కనబడకూడదు. ఈ కారు కొన్నవాడే భూమ్మీద మిగిలిన చివరి మానవుడన్నమాట. పొడి రోడ్డు కెమెరాకు ఆనదు కాబట్టి ట్యాంకరు తెచ్చి తడుపుతారు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, రోడ్డు మాత్రం నిగనిగలాడుతుంది. ప్రకృతి ప్రేమికులు ఇలాంటివి పట్టించుకోకూడదు.

పొద్దుగూకే వేళ దొరికే కాసింత బంగారు వెలుగు కోసం యూనిట్ మొత్తం కాచుకుని కూర్చుంటుంది. అది రాగానే మన కారు వెంట ఇంకో బండి పరిగెడుతుంది. దాని నెత్తిన క్రేను, క్రేను కొసన కెమెరా. అంత బరువు మోసే ఆ బండి చాలాసార్లు పెట్రోలుదో డీజిలుదో అయి ఉంటుంది. దూరంగా జనరేటరు గుడగుడలాడుతుంటుంది. ఫ్రేములోకి రానంతవరకు అది పొగ కాదు.

అసలు తపస్సు మాత్రం శబ్దం దగ్గరే. ఈ కారు గొప్పతనం చప్పుడు చేయకపోవడం. మరి దాన్ని వినిపించాలి కదా! స్టూడియోలో దర్శకుడు కళ్లు మూసుకుని వింటాడు. “ఇది నిశ్శబ్దంలా లేదయ్యా, స్పీకరు పోయినట్టుంది.” సౌండ్ ఇంజనీరు సన్నటి ఈల కలుపుతాడు. “విమానం దిగుతున్నట్టుంది.” తగ్గిస్తాడు. “ఇప్పుడు మిక్సీ.” అర్ధరాత్రి దాటాక ఎలాగో నిశ్శబ్దం కుదురుతుంది. మర్నాడు దానిమీద డ్రమ్స్ పరిచేస్తారు.

నవ్వకండి. బీఎండబ్ల్యూ తన ఎలక్ట్రిక్ కార్ల ధ్వనుల కోసం హాలీవుడ్ సంగీత దర్శకుడు హాన్స్ జిమ్మర్‌నే పిలిచింది. ఐరోపా సమాఖ్యలో అయితే 2019 జులై నుంచి కొత్త మోడళ్లు నెమ్మదిగా వెళ్లేటప్పుడు, పాదచారులకు తెలిసేలా చప్పుడు చేసి తీరాలి.

ఇది రేపటి బండి అని నమ్మించడం మరో బాధ్యత. అందుకే ఎటు చూసినా నీలి కాంతులు. 1899లోనే కామీ జెనాట్జీ అనే బెల్జియం వాసి ఎలక్ట్రిక్ కారులో గంటకు 100 కిలోమీటర్ల వేగం దాటాడని ఎవరైనా గుర్తుచేస్తే వాణ్ణి వెంటనే టీలు అందించే పనికి మార్చాలి.

ఇక ఛార్జింగ్ సీను. కథానాయిక ప్లగ్గు పెడుతుంది. ‘క్లిక్’. చిన్న లైటు వెలుగుతుంది. మరుక్షణం ఆవిడ కొండ మీద, జుట్టు గాలిలో. మొన్న ఒక కుర్ర అసిస్టెంటు, “ఈ రెండు షాట్ల మధ్య ఆవిడ ఏం చేస్తూ ఉంటుంది సార్?” అని అడిగాడట. సెట్టంతా బిగుసుకుపోయింది. ఎనభై శాతం దాటాక ఛార్జింగ్ నత్తనడక నడుస్తుందన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. తెలిసింది చెప్పడానికి క్రియేటివిటీ ఎందుకు?

చీకటి పడ్డాక ప్యాకప్ చెప్పారు. టేకుల మీద టేకులు తిప్పేసరికి కారు బ్యాటరీ అడుగంటింది. అంత ఖాళీ రోడ్డు మీద ఛార్జరు ఎక్కడుంటుంది? లారీ పిలిపించి ఎక్కించారు.