"రోజుకో గంట తీయలేరా?" అనే ఫార్వర్డ్‌కు జవాబు

హాబీల మీద ఒక మెసేజ్ ఈ మధ్య వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. హనుమకొండలో మా కాలనీ గ్రూపులో చూశాను, స్కూలు పిల్లల తల్లుల గ్రూపులో చూశాను, చుట్టాల గ్రూపులోనైతే ఇద్దరు వేర్వేరుగా పంపారు. అందులో ఉన్నది ఇది:

"అల్లికలు, బొమ్మలు, పాట... దేనికీ టైం లేదనడం సాకు. అందరికీ ఉన్నవి 24 గంటలే. తెల్లవారుజామున 4 గంటలకు లేచి రోజూ ఒక గంట కేటాయించండి. 21 రోజుల్లో అలవాటైపోతుంది. ఒకటి పూర్తి కానిదే ఇంకోటి ముట్టకండి. ఫోను పక్కన పెట్టండి. ఆరు నెలల్లో దాని మీద సంపాదించలేకపోతే అది కాలక్షేపమే. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలగకుండా చేసుకునేవాళ్లే నిజమైన కళాకారులు."

కింద పూలు, దండాలు. దాని కింద నలుగురైదుగురు "నిజమే అక్కా, మన బద్ధకమే" అని రాశారు. వాళ్లలో ఇద్దరు ఉద్యోగాలు చేస్తూ, అత్తమామల్ని చూసుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటున్నవాళ్లు. బద్ధకం అంటే ఏంటో వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. నేనూ ఉద్యోగం చేసుకుంటూ ఉన్ని, దారం అల్లుతున్నదాన్నే కాబట్టి ఆ మెసేజ్‌లోని ఒక్కో మాటకు జవాబు రాయాలనిపించింది.

"అందరికీ ఉన్నవి 24 గంటలే."

గడియారం వరకు నిజం. చేతిలో మిగిలే టైం వరకు అబద్ధం. కేంద్ర గణాంక విభాగం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లకు జీతం లేని ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు పోతున్నాయి. ఇంటిపని చేసే మగవాళ్లకు 88 నిమిషాలు. తేడా మూడు గంటల ఇరవై నిమిషాల పైనే. ఇది వంట, గిన్నెలు, బట్టల లెక్క. పిల్లల్ని, పెద్దవాళ్లను చూసుకోవడం వేరే పద్దు. ఇంకో సంగతి, ఆ 88 నిమిషాలు కూడా అంతో ఇంతో చేయి పెట్టే మగవాళ్ల సగటే, అసలు ముట్టనివాళ్లను కలపలేదు. 2019 సర్వేలో ఒక రోజులో ఏదో ఒక ఇంటిపని చేసిన మగవాళ్లు నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. అప్పటి సగటు ఆడవాళ్లకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97. అంటే ఐదేళ్లలో ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గింది, సంతోషం. మగవాళ్లకూ తొమ్మిది తగ్గింది, అదెట్లనో మరి.

"4 గంటలకు లేచి ఒక గంట."

రాత్రి గిన్నెలన్నీ కడిగి, పొద్దుటికి ఇడ్లీ పిండి చూసుకుని పడుకునేసరికి పదకొండు దాటే ఇళ్లు ఎన్నో. నాలుగింటికి లేస్తే నిద్ర ఐదు గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు ఉండాలని వైద్యులు చెబుతున్నారు. నిద్ర తగ్గించి హాబీ పెంచుకోమనే సలహా ఎవరి ఆరోగ్యం కోసమో నాకు అర్థం కాదు.

పోనీ లేచామే అనుకుందాం. చేతిపనికి అది మంచి వేళ కూడా కాదు. నల్ల ఉన్నో, ముదురు నీలమో ట్యూబ్‌లైట్ కింద అల్లి చూడండి, కుట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. నిద్రమత్తులో ఒక కుట్టు సూది మీంచి జారిందంటే కింది వరుసల్లోకి ఊడుకుంటూ పోతుంది. దాన్ని క్రోషియా హుక్‌తో ఒక్కో వరుసా పైకి ఎక్కించుకుంటూ రావాలి. ఈలోపు నల్లా వస్తుంది, మోటార్ వేయాలి, టిఫిన్ డబ్బాల టైం అవుతుంది. అల్లింది రెండు వరుసలు, విప్పింది నాలుగు.

అసలు పొరపాటు ఆ "గంట" అనే కొలతలోనే ఉంది. హాబీలన్నీ ఒక్క తీరు కావు. క్రోషియాలో హుక్ మీద ఉండేది ఒకే ఒక్క కుట్టు. దాన్ని కాస్త పెద్దగా లాగి వదిలేస్తే ఎక్కడైనా ఆపొచ్చు, రేపో ఎల్లుండో అక్కడి నుంచే అందుకోవచ్చు. రెండు సూదుల అల్లికలో వరుస చివరిదాకా వస్తే చాలు, నిశ్చింతగా పక్కన పెట్టొచ్చు. 30 కుట్ల మఫ్లర్ వరుస కొత్తగా నేర్చుకున్నవాళ్లకు కూడా రెండు మూడు నిమిషాల పని. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ రెండు వరుసలు, ట్యూషన్ బయట పిల్లాడి కోసం నిలబడి నాలుగు, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగేలోపు ఒక జానెడు. రోజూ అప్ అండ్ డౌన్ చేసే ఆడవాళ్లలో కొందరి హ్యాండ్‌బ్యాగ్‌లో టిఫిన్ డబ్బా పక్కన దారం ఉండ ఎందుకుంటుందంటే ఇందుకే. వాళ్లెవరూ "గంట కేటాయించలేదు."

వాటర్ కలర్ అట్ల కాదు. ఆకాశం మొత్తానికి ఒకే రంగు పరచాలంటే కాగితం తడి ఆరేలోపు పని అయిపోవాలి. మధ్యలో కాలింగ్ బెల్ మోగితే మరక పడుతుంది. మగ్గం వర్క్ నేర్చుకునేవాళ్లకు ఇంకో ఇబ్బంది. బట్టను ఫ్రేముకు బిగించాక ఆ ఫ్రేము పరిచి ఉంచడానికి చోటు కావాలి, దాని మీద చిన్నపిల్లలు ఎక్కకుండా కాపలా కావాలి. ఇట్లాంటి వాటికి రోజూ ముక్కలు ముక్కలుగా దొరికే పావుగంటలు పనికిరావు, వారానికి ఒకసారైనా ఎవరూ పిలవని రెండు గంటలు కావాలి. అందుకని ఎవరైనా "ఏ హాబీ మొదలుపెట్టను" అని అడిగితే నేను మొదట వాళ్ల ఇష్టం అడగను, వాళ్ల రోజు ఎట్లా ముక్కలవుతుందో అడుగుతాను. చంటిపిల్లలు ఉన్న ఇంట్లో మొదటి సంవత్సరమే ఆయిల్ పెయింట్లు కొనుక్కున్నవాళ్లు వాటిని అటక మీద పెట్టి, తమకు పట్టుదల లేదని తమనే తిట్టుకుంటారు. ఆ ఇంటికి, ఆ ఏడాదికి అది సరిపడే పని కాదు, అంతే.

"21 రోజుల్లో అలవాటైపోతుంది."

ఈ అంకెకు ఒక చరిత్ర ఉంది. అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడడానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని గమనించి 1960లో రాశాడు. మాట చేతులు మారుతూ వచ్చేసరికి "కనీసం" ఎగిరిపోయింది, ముఖం పోయి అన్ని అలవాట్లూ వచ్చి చేరాయి. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. నీళ్లు తాగడం, కాసేపు పరుగెత్తడం లాంటి మామూలు పనులు అలవాటు కావడానికి కొందరికి 18 రోజులు పడితే కొందరికి 254 రోజులు పట్టేట్టుందని తేలింది. సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్లకు 66 రోజులు. మన విషయానికి పనికొచ్చే ముక్క ఇంకోటి అందులో ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. మెసేజ్ చెప్పేదేమో "ఒక్క రోజు కూడా వదలొద్దు" అన్నట్టు ఉంటుంది. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే, ఊళ్లో పెళ్లి ఉంటే, సంక్రాంతికి సకినాలు చుట్టే రోజులైతే సూదులు ముట్టం. (సకినాలు చుట్టడం కూడా చేతికళే, కానీ దాన్ని ఏ మోటివేషన్ మెసేజ్‌లోనూ హాబీ కింద లెక్కేయరు.) వారం తర్వాత మళ్లీ తీస్తే వేళ్లు మరిచిపోవు.

"ఒకటి పూర్తి కానిదే ఇంకోటి ముట్టకండి."

ఈ మాట రాసినాయన మే నెలలో వరంగల్‌లో ఉన్ని అల్లి ఉండడు. 43, 44 డిగ్రీల ఎండలో చేతులు చెమట పట్టి అక్రిలిక్ దారం సూది మీద జరగదు, ఒళ్లో పెట్టుకున్న స్వెటర్ ఒంటికి అంటుకుంటుంది. మన దగ్గర ఉన్ని దసరా తర్వాత తీసే పని. చలి వరంగల్‌లో అంతంతే అయినా ఆదిలాబాద్ వైపు గట్టిగానే ఉంటుంది, అక్కడ చుట్టాలున్నవాళ్లకు స్వెటర్లకు గిరాకీ తక్కువేం కాదు. ఎండాకాలంలో నూలు దారంతో క్రోషియా చేసుకోవచ్చు. టేబుల్ మీద వేసేవో, జాకెట్టు చేతుల అంచులో, పిల్లల టోపీలో. అంటే ఏడాదిలో రెండు పనులు సగం సగంలో ఉండడం మన వాతావరణానికి మామూలే.

రోజులోనూ అంతే. డిజైన్ లెక్కపెట్టుకుంటూ చేసే పనికి బుర్ర ఖాళీగా ఉండాలి. సాయంత్రం ఆఫీసు టెన్షన్ నెత్తిన పెట్టుకుని వచ్చాక లెక్క కుదరదు, అప్పుడు చేతిలో లెక్క అక్కర్లేని సాదా మఫ్లర్ ఒకటి ఉండాలి. రెండు పనులు నడపడం నిలకడ లేకపోవడం కాదు.

ఆపేటప్పుడు మాత్రం కొన్ని జాగ్రత్తలు కావాలి, మెసేజ్‌లో ఇవి ఉంటే దానికి నేనే దండం పెట్టేదాన్ని. ఎన్నో వరుసలో ఆపారో, ఏ నంబర్ సూదులో ఒక చీటీ మీద రాసి బుట్టలో వేయండి. మన షాపుల్లో సూదుల నంబర్లు ఎక్కువగా పాత బ్రిటిష్ లెక్కవి, నంబర్ పెరిగే కొద్దీ సూది సన్నమవుతుంది. 8 నంబర్ 4 మిల్లీమీటర్లు, 10 నంబర్ 3.25. మళ్లీ మొదలుపెట్టినప్పుడు సూది మారితే అల్లిక బిగువు మారిపోతుంది. నెలల తరబడి ఆపేట్టయితే కుట్లను సూది మీద వదిలేయకుండా ఒక దారం మీదికి ఎక్కించి ముడేయండి, లేకపోతే ఆ వరుస దగ్గర గీత పడుతుంది. ఉన్ని అవసరమైనంత ఒకేసారి కొనండి. లేబుల్ మీద లాట్ నంబర్, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబర్, చూసుకోండి. అదే రంగు, అదే కంపెనీ అయినా లాట్ మారితే ఛాయ తేడా వస్తుంది, వెలుతురులోకి తెస్తే ఇట్టే తెలిసిపోతుంది.

"ఫోను పక్కన పెట్టండి."

దీనితో పేచీ లేదు. కాకపోతే ఈ సలహా వచ్చింది ఫోనులోనే, చాలామంది కొత్త కుట్లు నేర్చుకుంటున్నదీ యూట్యూబ్‌లోనే.

"సంపాదించలేకపోతే కాలక్షేపమే."

లెక్క వేద్దాం. చిన్నపిల్లల స్వెటర్ ఒకటి అల్లడానికి 20 గంటలు పట్టిందనుకోండి. ఉన్నికి 200 అయింది, ఎవరో 800కి కొన్నారు. చేతికి మిగిలింది 600, గంటకు 30 రూపాయలు. రోజుకు ఎనిమిది గంటలు కూర్చుంటే 240. తెలంగాణలో 2024-25లో ఉపాధి హామీ కూలీ రోజుకు 300. బాగా చేయి తిరిగినవాళ్లకు, మంచి ధర పెట్టే కస్టమర్లు దొరికినవాళ్లకు లెక్క మారొచ్చు. కానీ ఆరు నెలల్లో అందరూ సంపాదించాలనడం, సంపాదించనివాళ్లను చిన్నచూపు చూడడం ఎక్కడి న్యాయం?

పైగా "ఖాళీ టైంలో ఇంట్లో కూర్చుని సంపాదించండి" అన్న మాట మన ఆడవాళ్లకు కొత్తది కాదు. పశ్చిమ గోదావరిలోని నర్సాపురంలో లేసు అల్లే ఆడవాళ్ల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో వచ్చింది. ఆవిడ చూపించింది ఇదే. గంటల కొద్దీ అల్లుతున్న వాళ్లను ఎవరూ కార్మికులు అనలేదు, "ఖాళీగా ఉన్న గృహిణులు" అన్నారు. అట్లా అన్నందువల్లే వాళ్లకు అంత తక్కువ ఇచ్చినా నడిచిపోయింది, ఆ లేసు విదేశాలకు ఎగుమతైంది. హాబీకి ధర కట్టేవాళ్లు, పనికి హాబీ అని పేరు పెట్టేవాళ్లు ఒక్కోసారి ఒకే మనుషులు.

వరంగల్ వాళ్లకు ఈ తేడా తెలియాలంటే దూరం పోనక్కర్లేదు, కొత్తవాడ దాకా వెళ్తే చాలు. అక్కడ మగ్గాల మీద నేసే జంపఖానాలకు 2018లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక) గుర్తింపు వచ్చింది. అది వృత్తి. నూలు ధర, రంగు ఖర్చు, మజూరీ, అమ్ముడుపోని సరుకు అన్నీ అందులో ఉంటాయి, ఇంటిల్లిపాదీ దాని మీదే బతకాలి. సాయంత్రం కాసేపు మఫ్లర్ అల్లుకునే నాకు ఆ బరువు లేదు, వృత్తిదారుల హక్కూ నేను అడగను. అమ్మాలనుకునేవాళ్లు తప్పకుండా అమ్మండి, కానీ గంటల లెక్క రాసుకుని ధర చెప్పండి. "దారం డబ్బులు ఇస్తాను, నాకొకటి అల్లిపెట్టు వదినా" అనేవాళ్లకు కూడా ఆ లెక్క ఒకసారి చూపించండి.

"ఇంట్లో ఎవరికీ ఇబ్బంది కలగకుండా."

మిగతావన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. నాలుగింటికి లేవమన్నది కూడా దీనికోసమే, ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు చేసుకుంటే ఎవరి పనికీ అడ్డం రాదని. మన దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉంది, ఏటా చూస్తున్నదే. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా ఆ తొమ్మిది రోజులు తంగేడు, గునుగు తేవడానికి మగవాళ్లు, పిల్లలు చేల గట్ల వెంబడి తిరుగుతారు. గునుగుకు రంగులు అద్ది ఆరబెడతారు. అమ్మ బతుకమ్మ పేరుస్తుంటే వరండాలో సగం పూలతోనే నిండిపోతుంది, దాటుకుని నడుస్తారు. వంట ఆలస్యమైతే ఎవరూ గొడవ చేయరు. ఆ పనికి టైం మేనేజ్‌మెంట్ చెప్పినవాళ్లను నేనింతవరకు చూడలేదు. ఇల్లు తనంతట తాను జరిగి చోటిచ్చింది, అందరికీ కాస్త ఇబ్బంది కలిగింది, పని అయింది.

పండుగకు కుదిరింది ఆదివారానికి ఎందుకు కుదరదని మా ఇంట్లో నేను అడిగాను. ఇప్పుడు ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా వంటిల్లు నాది కాదు. మొదట్లో పప్పు మాడింది, ఉప్పు డబ్బా ఎక్కడుందని ఇంట్లోవాళ్లు పదిసార్లు పిలిచారు. నేను లేవకుండా "రెండో అరలో" అని కూర్చున్నచోటి నుంచే చెప్పాను. అత్తమ్మకు ఇది నచ్చలేదు, ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు, కానీ ఆ టైంలో ఎవరైనా ఫోన్ చేస్తే "కోడలు అల్లుకుంటోంది, ఏడు దాటాక చెయ్" అని ఆవిడే అంటోంది.