ఒకటే పెట్టె, రెండు తలరాతలు

జపాన్ కంపెనీ రోలాండ్ 1981లో టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టెను మార్కెట్లోకి తెచ్చింది. ఇంట్లో ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టుకు పక్కన బేస్ వాయించే మనిషి లేని లోటు తీర్చడం దాని పని. ఆ పని దానివల్ల కాలేదు. దాని గొంతు బేస్ గిటార్‌కు దగ్గరగా కూడా ఉండదు. అందులోకి స్వరాలు ఎక్కించడమూ పెద్ద తలనొప్పే. 1984కల్లా తయారీ ఆపేశారు. అప్పటికి అమ్ముడుపోయినవి సెకండ్ హ్యాండ్ షాపులకు చేరాయి.

ముంబైలో ఒకాయన మాత్రం ఆ పెట్టె కిటుకును 1982లోనే పట్టేశాడు. చరణ్‌జీత్ సింగ్ హిందీ సినిమా పాటలకు వాయించే స్టూడియో కళాకారుడు. 303కి 808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్ జతచేసి, పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి ఎల్పీగా తెచ్చాడు. అందులో మాల్కౌన్స్ ఉంది, అంటే మన హిందోళం. యమన్ ఉంది, అంటే ఇంచుమించు మన కల్యాణి. 303లో స్లైడ్ అనే సదుపాయం ఒకటుంది. అది పెడితే స్వరం తెగకుండా జారుకుంటూ పక్క స్వరం మీదికి పోతుంది. గిటారిస్టులకు అది ఎంత అక్కరకొచ్చిందో గానీ, రెండు స్వరాల నడుమ జారుడులోనే రాగం ప్రాణం ఉంటుందని తెలిసినవాడి చేతిలో అది వేరే వాద్యమైపోయింది.

హెచ్ఎంవీ నుంచి వచ్చిన ఆ రికార్డును పట్టించుకున్నవాళ్లు లేరు. సింగ్ తన పనిలో తాను పడిపోయాడు.

ఇక షికాగో. అక్కడ ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్ల బృందానికి అదే పెట్టె దొరికింది. దాన్ని సరిగ్గా ప్రోగ్రాం చేయడం వాళ్లకు రాదు. లోపల ఏదో ఒక వరస తిరుగుతుంటే వింటూ నాబ్‌లు తిప్పుతూ పోయారు. కప్ప బెకబెకలా మొదలైన చప్పుడు బుడగలు పోసి, చివరికి ఈలలా సాగుతుంది. ఆ టేపును మ్యూజిక్ బాక్స్ క్లబ్‌లో డీజే రాన్ హార్డీకి ఇచ్చారు. మొదటిసారి వేసినప్పుడు జనం ఫ్లోర్ ఖాళీ చేశారట. హార్డీ తగ్గలేదు. అదే రాత్రి మళ్లీ వేశాడు, మళ్లీ మళ్లీ వేశాడు. నాలుగోసారికి జనానికి పూనకం వచ్చింది. 1987లో ట్రాక్స్ అనే స్థానిక లేబుల్, అంటే రికార్డులు వేసి అమ్మే కంపెనీ, దాన్ని రికార్డుగా వేసింది. ఆ చప్పుడుతో నడిచే క్లబ్ డ్యాన్స్ సంగీతానికి యాసిడ్ హౌస్ అనే మాట పుట్టి, ఏడాది తిరిగేసరికి బ్రిటన్‌ను ఊపేసింది.

యాసిడ్ హౌస్‌ను ముంబైలోనే కనిపెట్టారని కొందరు గర్వంగా చెప్పుకుంటారు. నాకది అతిశయోక్తే అనిపిస్తుంది. సింగ్ రికార్డు షికాగో దాకా పోలేదు, అక్కడివాళ్లు వినలేదు. రెండుచోట్లా పెట్టె ఒకటే, చెవులూ పదునైనవే. తేడా ప్రతిభలో లేదని నా నమ్మకం. ఫ్యూచర్‌కు ఒక డ్యాన్స్ ఫ్లోర్ ఉంది, నాలుగుసార్లు వేసే మొండి డీజే ఉన్నాడు, అదే ఊళ్లో రికార్డు అచ్చువేసే చిన్న లేబుల్ ఉంది. సింగ్‌కు ఉన్నది పెద్ద కంపెనీ ఒక్కటే. వేల సినిమా పాటల కేటలాగ్‌లో ఇలాంటి వింత సరుకు ఎవరి కంటపడుతుంది?

దాన్ని మళ్లీ వెలికి తీసింది కూడా చిన్న లేబులే. పాత హిందీ సినిమా సంగీతం మీద పిచ్చితో నెదర్లాండ్స్‌కు చెందిన ఎడో బౌమన్ నడిపే బాంబే కనెక్షన్ 2010లో ఆ ఎల్పీని మళ్లీ విడుదల చేసింది. ఇది 1982 నాటిదంటే చాలామంది నమ్మలేదు. ఎవరో ఇప్పుడు చేసి పాత అట్టలో పెట్టారేమో అన్నారు. 70 దాటిన వయసులో సింగ్ యూరప్ వేదికల మీద ఆ రాగాలు వాయించాడు. 2015లో కన్నుమూశాడు.

అలాగని చిన్న లేబుల్ అనగానే దండం పెట్టేయనక్కర్లేదు. ట్రాక్స్ రికార్డులు నాసిరకం ప్లాస్టిక్‌కు పేరుమోసినవి. పాత రికార్డులు కరిగించి పోసేవారు. డబ్బుల లెక్కలు అంతకన్నా చెడ్డపేరు తెచ్చాయి. ట్రాక్స్‌కు పాటలు చేసిన లారీ హర్డ్, రాబర్ట్ ఓవెన్స్ ఆ లేబుల్ మీద 2020లో కోర్టుకెక్కి, 2022లో రాజీతో తమ పాటల హక్కులు వెనక్కి తెచ్చుకున్నారు.

ఇలాంటి అనుభవాలకు గట్టి జవాబు అంతకు చాలా ముందే డెట్రాయిట్ నుంచి వచ్చింది. టెక్నో అనే యంత్రాల డ్యాన్స్ సంగీతం చేసే మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ మొదలుపెట్టిన అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్‌లో పాట, లేబుల్ కళాకారుల చేతిలోనే ఉంటాయి. రికార్డులు ఊళ్లకు పంపడానికి సబ్‌మెర్జ్ అనే సొంత సంస్థ కూడా పెట్టుకున్నారు. ఫొటోల్లో ముఖాలు కనపడనివ్వరు. 1999లో వాళ్ల డీజే రొలాండో పాట ఒకటి క్లబ్‌లలో మోగిపోతుంటే, సోనీ జర్మనీ శాఖ అనుమతి లేకుండా అచ్చం అలాంటి పాటే చేయించింది. కోర్టు ఖర్చు భరించే స్థోమత ఈ చిన్న లేబుల్‌కు ఎక్కడిది? దేశదేశాల అభిమానులే ఈమెయిళ్లతో విరుచుకుపడ్డారు. సోనీ వెనక్కి తగ్గింది. ఒక పాట ఎవరిదో తెలిసిన శ్రోతలు ఉంటే ఎంత బలమో అప్పుడు తేలింది.

ఆ శ్రోతలు ఎలా తయారవుతారంటే, రికార్డును చేతిలో తిప్పి చూసుకోవడం వల్లే అంటాను. డెట్రాయిట్ రికార్డుల్లో చాలావాటికి మాస్టర్, అంటే కాపీలన్నిటికీ మూలమైన గాడి, కోసింది రాన్ మర్ఫీ అనే పెద్దాయన. పాట అయ్యాక లోపలివైపు మిగిలే నల్లటి అంచులో ఆయన తన కంపెనీ నేషనల్ సౌండ్ కార్పొరేషన్ గుర్తుగా ఎన్ఎస్‌సీ అని గీసేవాడు. జెఫ్ మిల్స్‌తో కలిసి ముందుకు జరగని గాడి కోసిందీ ఆయనే. సూది ఒకే వలయంలో తిరుగుతూ ఉంటుంది. ఎల్పీ నిమిషానికి 33 చుట్లకు పైచిలుకు తిరుగుతుంది, అంటే చుట్టుకు 1.8 సెకన్లు. అందులో నాలుగు దెబ్బలు పట్టాలంటే వేగం నిమిషానికి 133 దెబ్బలు ఉండాలి. టెక్నోకు అచ్చంగా సరిపోయే వేగం! ఎవరో ఒకరు లేచి సూది ఎత్తేదాకా ఆ నాలుగు దెబ్బలు ఆగవు.

ఫోన్‌లో ప్లేలిస్టు పెట్టుకుంటే ఇవేవీ కనపడవు. పాట కింద లేబుల్ పేరు సన్నటి అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, వెతికేదెవరు? స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదిలో 1000 సార్లయినా వినని పాటకు రాయల్టీయే లేదు. 300 కాపీలతో బతికే సంగీతానికి ఆ గీత దాటడం తేలిక కాదు. హిట్ల దుకాణానికి తగిన లెక్క అది. కళాకారుల దగ్గరే నేరుగా పాటలు కొనుక్కునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కొంటే డిజిటల్ అమ్మకాల మీద సైట్ కోత 15 శాతం, మిగతాదంతా, కార్డు ఖర్చులు పోను, కళాకారులకో వాళ్ల లేబుల్‌కో వెళ్తుంది. నాలాంటివాడు నెలకు ఒక్క రికార్డు కొన్నా వాళ్లకు అది లెక్కలోకి వస్తుంది.

తెలుగులో లేబుల్ అంటే సినిమా ఆడియో హక్కులు కొన్న కంపెనీ అనే అర్థం స్థిరపడిపోయింది. డీజే అంటే బరాత్‌లో, నిమజ్జనంలో గుండెలదిరేలా బాక్సులు మోగించే బండి. ఆ బండి మీద మోగే తీన్మార్ రీమిక్స్‌ను శ్రద్ధగా వింటే, దరువు మంచి పాకంలో పడుతున్నప్పుడు మధ్యలో ఒక గొంతు దూరుతుంది, డీజే ఫలానా, ఫలానా ఊరు అని. చాలామంది విసుక్కుంటారు. నేనూ విసుక్కునేవాణ్ని. ఈమధ్య ఆ పేర్లు రాసిపెట్టుకుంటున్నాను.