‘కస్టమర్ అందుబాటులో లేరు’ గారికి

మహారాజశ్రీ ‘డెలివరీకి ప్రయత్నించాం, కస్టమర్ అందుబాటులో లేరు’ గారి దివ్య సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంట్లోనే ఉన్నాం. తమరికి ఈ విషయంలో సందేహం ఉన్నట్టుంది గనుక మరోసారి మనవి చేసుకుంటున్నాం: ఇంట్లోనే ఉన్నాం. నిన్న పొద్దున తొమ్మిది నుంచి కుక్కర్ విజిల్ వేసినా గుమ్మం దగ్గరికే పరిగెత్తాం. రాత్రి 7:52కి బెల్లు మోగలేదు, ఫోన్ మోగింది. కొరియర్ వాళ్ల ట్రాకింగ్ సందేశంగా తమరు దయచేశారు.

తమ వంశం సామాన్యమైనది కాదని తెలుసు. 1973 ఏప్రిల్ 17 రాత్రి అమెరికాలోని మెంఫిస్ నుంచి ఫెడెక్స్ అనే కొరియర్ కంపెనీ 14 చిన్న విమానాలతో 25 ఊళ్లకు చేరవేసినవి 186 పార్సిళ్లు. ఆ మాత్రానికి నోటుపుస్తకం చాలు. లెక్క పెరిగేసరికి 1979లో కాస్మోస్ అనే కేంద్ర కంప్యూటర్ వ్యవస్థ, 1986లో సూపర్‌ట్రాకర్ అనే చేతి స్కానర్ వచ్చాయి. 1991లో ఇంకో అమెరికా కొరియర్ కంపెనీ యూపీఎస్ తన డ్రైవర్ల చేతికి డయాడ్ పలక ఇచ్చి సంతకాన్ని కూడా కంప్యూటర్‌కు ఎక్కించింది. 1994 నుంచి ట్రాకింగ్ ఇంటర్నెట్‌లోనే దొరుకుతోంది. పార్సిల్ ఎంత ముఖ్యమో దాని సమాచారమూ అంతే ముఖ్యమని ఫెడెక్స్ పెట్టిన ఫ్రెడ్ స్మిత్ అనేవాడు. తమరు ఇంకో మెట్టెక్కారు. పార్సిల్ రాకపోయినా సమాచారం వస్తోంది.

పైగా మీ బంధువర్గం పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. యూపీఎస్ లేబుల్ మీద 1జెడ్‌తో మొదలయ్యే నంబరుంటుంది, 18 అక్షరాలు: అందులో పంపినవారి ఖాతాకు ఆరు, సర్వీసు రకానికి రెండు, పార్సిల్‌కు ఏడు, ఆఖరున తప్పు పట్టుకోవడానికి ఒకటి. పక్కనే మధ్యలో గుండ్రటి గురి ఉండే మ్యాక్సీకోడ్, అంగుళం చదరంలో 866 ఆరుకోణాల గళ్లు. బెల్టు మీద పరిగెడుతున్న పెట్టెను, అది ఎటు తిరిగి ఉన్నా, కెమెరా చదివేస్తుంది. అమెరికాలోని లూయీవిల్‌లో ఉన్న యూపీఎస్ కేంద్రం వరల్డ్‌పోర్ట్ అలా గంటకు 4,16,000 పార్సిళ్లు వేరు చేయగలదు. పార్సిల్ విమానంలో ఉండగానే దాని పత్రాలు కస్టమ్స్ వారి కంప్యూటర్‌లోకి వచ్చి కూర్చుంటాయి. సముద్రాలీదినవాడికి పిల్లకాలవ ఓ లెక్కా అంటారు. తమకు లెక్కే. సముద్రాలన్నీ దాటొచ్చి మా వీధి చివర మునుగుతారు.

చిన్నాచితకా మనవులు కొన్ని ఉన్నాయిగానీ, వాటిని సాగదీయం. ‘లేబుల్ తయారైంది’ అంటే కాగితం అచ్చయిందనే తప్ప డబ్బా ఇంకా పంపేవాళ్ల బల్ల మీదే ఉందని అర్థం. ఆ మాట తెలుగులోనో ఇంగ్లీషులోనో సరిగ్గా చెబితే సొమ్మేం పోతుంది? ప్రతి స్కానుకూ ఆ ఊరి టైమే వేస్తారు గనుక షాంఘైలో మధ్యాహ్నం రెండింటికి బయల్దేరిన పెట్టె అలాస్కాలోని ఆంకరేజ్‌కు అదే రోజు పొద్దున ఏడింటికి చేరినట్టు కనబడుతుంది. కాలంలో వెనక్కి నడిచే పెట్టె మా గుమ్మం దాకా నడవలేకపోయింది. ఇక ఆ చాట్‌బాట్ సంగతి ఎత్తం. పగవాడికి కూడా వద్దు.

అసలు మనవి తమ పుట్టుక గురించి. పొద్దున బ్రాంచిలో బస్తా విప్పుతారు, ఏరియాల వారీగా వేరు చేస్తారు, కుర్రాడి పేరు మీద డీఆర్‌ఎస్, అంటే ఆ రోజు డెలివరీ పట్టీ, తయారవుతుంది. ఒక్కొక్క ఎయిర్‌వే బిల్లునూ, అంటే పార్సిల్ మీది రవాణా చీటీని, స్కాన్ చేసి సంచిలో వేసుకుంటాడు. ఆ స్కాను పడిందంటే ‘డెలివరీకి బయల్దేరింది’ అని మాకు సందేశం. బండి ఇంకా స్టాండు మీదే ఉండొచ్చు, కుర్రాడు టీ కొట్టు దగ్గరుండొచ్చు. కంప్యూటర్ చూసింది బార్‌కోడ్‌ను, ప్రయాణాన్ని కాదు. సంచిలో అరవై ఉన్నాయనుకోండి. లిఫ్టు రాక, ఓటీపీ రాక, గేటు దగ్గర రిజిస్టర్ రాసి, ఒక్కోదానికి ఏడు నిమిషాలు వేసుకున్నా ఏడు గంటలు, ట్రాఫిక్ కాకుండానే. బండ్లు కుడివైపున నడిచే అమెరికాలో యూపీఎస్, ఎదురొచ్చే బండ్లకు అడ్డంగా తిరగాల్సిన ఎడమ మలుపులు తగ్గించే లెక్కలు వేసి, ఓరియన్ సాఫ్ట్‌వేర్‌తో ఏటా 10 కోట్ల మైళ్లు ఆదా అంటుంది. హైదరాబాద్ యూటర్న్‌ల మధ్య ఆ ఓరియన్‌ను ఒక్కరోజు తిప్పి చూడాలని మా కోరిక.

సరే, చీకటి పడింది, సంచిలో పదిహేను మిగిలాయి. పట్టీ మూయాలి. మూయాలంటే ప్రతి బిల్లుకూ ఒక కారణం నొక్కాలి: తీసుకోనన్నారు, చిరునామా తప్పు, ఆఫీసు మూసి ఉంది, ఇంకో రోజు రమ్మన్నారు, కస్టమర్ అందుబాటులో లేరు. ‘టైం చాలలేదు, మేమే వెళ్లలేదు’ అని నొక్కితే ఆ ఆలస్యం బ్రాంచి ఖాతాలో పడుతుంది. తమరిని నొక్కితే మా ఖాతాలో పడుతుంది. ఇచ్చిన గడువు గడియారం అక్కడితో ఆగిపోతుంది. నిమిషానికి రెండు చొప్పున, ఒకే చోట నిలబడి, పదిహేను ఇళ్లకు తాళాలు వేసేస్తారు. దీనికి మీవాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు కూడా ఉంది, ఫేక్ అటెంప్ట్.

అబద్ధమని తెలియక కాదు. తెలిసే. కుర్రాడి ఫోన్‌లో కోడ్ నొక్కిన టైము ఒకటి, సర్వర్‌కు చేరిన టైము ఇంకొకటి, నొక్కిన చోటి అక్షాంశం రేఖాంశం, మూడూ నమోదు చేసే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. సెల్లారులో సిగ్నల్ లేదంటారా, రెండు టైములు విడివిడిగా ఉంచేది అందుకే. జీపీఎస్ తప్పు చూపిస్తుందంటారా, అపార్ట్‌మెంట్ల మధ్య కొన్ని పదుల మీటర్లు అటూ ఇటూ అవుతుంది, మూడు కిలోమీటర్లు కాదు. ఫోన్ చేస్తే ఎత్తలేదంటారా, నంబరు కనబడకుండా మీ ఎక్స్చేంజి ద్వారా కలిపే కాల్ గనుక ఎన్ని రింగులో మీ దగ్గరే ఉంటుంది.

చిరునామా దొరకలేదనే మాటలో కాస్త న్యాయం ఉంది, ఒప్పుకుంటాం. ‘ఆంజనేయస్వామి గుడి ఎదురు సందు, నీళ్ల ట్యాంకు పక్కన’ అని రాస్తాం. పెద్ద కంపెనీల ఫారాల్లో వరుసకు 35 అక్షరాలే గనుక అది ట్యాంకు దాకా రాదు, గుడి దగ్గరే ఆగిపోతుంది. తపాలా శాఖ 2025లో డిజిపిన్ తెచ్చింది, పది అక్షరాలతో నాలుగు మీటర్ల చదరం చూపిస్తుంది. మీ ఫారంలో దానికి గడి ఏదీ? అదీ అక్కర్లేదు. పోయిన నెల ఇదే గుమ్మం దగ్గర సంతకం తీసుకున్నారే, ఆ పాయింటు చాలు. అక్కడికి 200 మీటర్ల లోపల లేకపోతే ఈ కోడ్ తీసుకోవద్దని ఒక్క షరతు. ప్రపంచమంతా పార్సిళ్లు తిప్పే సాఫ్ట్‌వేర్‌కు ఇది ఎంత పని?

కంపెనీలు ఆ పని చేయవు. ఎందుకంటే నువ్వు వాళ్లకు పనికొస్తున్నావు. నీ పేరులో ‘కస్టమర్’ అన్నదీ అబద్ధమే. మీ కాగితాల్లో కస్టమర్ అంటే డబ్బు కట్టి పంపినవాడు. మేం ఉత్త కన్సైనీలం, అంటే అందుకునేవాళ్లం. అందుకే మేం ఫోన్ చేస్తే ‘పంపినవారితో చెప్పించండి’ అంటారు. పంపినవాడు టెక్సస్‌లో నిద్రపోతున్నాడు! నీలాంటివి మూడు పడితే ఆర్‌టీఓ. బండి లైసెన్సుల ఆఫీసు కాదు, వచ్చిన దారినే వెనక్కి పంపడం. ఆ ఛార్జీ పంపినవాడి నెత్తిన. ఇక్కడ కట్టిన సుంకం వెనక్కి రాబట్టుకోవడం వేరే వ్రతకథ. ఇంట్లో కూర్చున్న మనిషిని మూడుసార్లు ఊరు దాటించి, ఆ పాపానికి జరిమానా కూడా మావాళ్ల దగ్గరేనా? సిగ్గుండాలి.

కుర్రాడి మీద కోపం లేదు. చేర్చిన పార్సిల్‌కే డబ్బొచ్చే చోట పార్సిల్ చేర్చకుండా వెళ్లాలని ఎవడికీ ఉండదు. వాడి ముందు ఆ కారణాల జాబితా పెట్టినవాళ్ల మీదే.

కాబట్టి మాలాంటి గైర్హాజరీ మహాశయులందరికీ చెబుతున్నాం. ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని కనబడ్డ రాత్రే గేటు రిజిస్టరు పేజీ, కాల్ లాగ్ ఫొటో తీసి, ఆ స్కాను ఏ చోట ఏ టైముకు పడిందో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. అదే ఫిర్యాదు పంపినవారి చేత కూడా అదే బిల్లు నంబరు మీద పెట్టించాలి. వాళ్ల గొంతే కొరియర్ వాళ్లకు వినబడుతుంది. పట్టీ మళ్లీ తయారయ్యేది పొద్దున్నే గనుక అంతకుముందే పెట్టాలి.

ఇట్లు,
తమ రికార్డుల ప్రకారం ఊళ్లో లేని,
గుమ్మం దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్న
కన్సైనీ.

తా.క.: ఇప్పుడే ‘డెలివరీకి బయల్దేరింది’ అని మళ్లీ పడింది. కాలింగ్ బెల్ బాగానే ఉంది. బయటికెళ్లి నొక్కి చూసొచ్చాం.