సవరణ: బఫర్ పెంచితే చాలని రాశాను, అది సరికాదు

పాట రికార్డ్ చేస్తుంటే మధ్యలో టప్ టప్‌మని శబ్దం వచ్చి గొంతు తెగిపోతుంటే బఫర్‌ను (కంప్యూటర్ శబ్దాన్ని కాసేపు దాచుకునే చోటు) 1024కి పెంచితే చాలని మొన్న రాశాను. అది సగం మాటే. లెక్క కూడా తప్పింది. 48,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 48,000 శాంపిల్స్ (శబ్దపు కొలతలు) తీస్తుంటే, 1024 శాంపిల్స్ అంటే నేను రాసినట్టు 2 మిల్లీసెకన్లు కాదు, సుమారు 21. తమ గొంతును కంప్యూటర్ ద్వారా హెడ్‌ఫోన్‌లో వింటూ పాడేవాళ్లకు ఆ ఆలస్యంతో తాళం తప్పుతుంది. వాళ్లు ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె)లోని డైరెక్ట్ మానిటరింగ్ వాడాలి, అప్పుడు గొంతు కంప్యూటర్ చుట్టూ తిరగకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది.

నిన్న మల్కాజిగిరిలో మా ఇంట్లో చెల్లెలు వీణ వాయిస్తుంటే మళ్లీ చూశాను. బఫర్ 1024లోనే ఉంది. అయినా తీగ మీటాక నాదం సాగుతూ సాగుతూ టక్కున తెగింది. ఏ డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే గీత ఎర్రబడింది, జాబితాలో అన్నిటికంటే పైన వైఫై డ్రైవర్! వైఫై ఆపగానే నాదం చివరిదాకా నిలిచింది. ఏదైనా డ్రైవర్ ప్రాసెసర్‌ని ఎక్కువసేపు పట్టుకుంటే ఆడియో వంతు సమయానికి రాదు. బఫర్ ఎంత పెంచినా ఒక్కోసారి అది సరిపోదు.

కాబట్టి ముందు వైఫై, బ్లూటూత్ ఆపి చూడండి. ఇంటర్‌ఫేస్‌ను యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. వైఫై ఆపితే తగ్గిందా, దాని డ్రైవర్ అప్‌డేట్ చేయండి.

బఫర్ పెంచినా తగ్గలేదని కొత్త ఇంటర్‌ఫేస్ కోసం కోఠి బయల్దేరిన తమ్ముడూ, దయచేసి ఇవి చూశాకే డబ్బు ఖర్చు పెట్టు.