మూత ఎటు తియ్యాలి సార్?

ఆఫీసు ప్రింటర్లు రానురాను చిన్నవైపోతున్నాయి, సంతోషమే, కానీ వాటిలో ఇంకు మార్చాల్సిన మనిషి చెయ్యి మాత్రం ఇంకా పాత సైజులోనే ఉంది. ఈ కబురు వాటిని డిజైన్ చేసేవాళ్ళకి ఎవరూ చేరవేసినట్టు లేరు. ప్రింటు, స్కాను, జెరాక్సు, కొన్నిటిలో ఫ్యాక్సు, అన్నీ ఒకే డబ్బాలో కుక్కేసి, తక్కువ జాగాలో ఎక్కువ పనులని పెట్టె మీద గొప్పగా రాస్తారు. ఆ మిగిలిన జాగా ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అంటే, మన వేళ్ళు దూరాల్సిన చోటు నుంచి.

మా ఆఫీసులో ఉన్నది అలాంటి బుల్లి ఆల్ ఇన్ వన్నే. నెలాఖరు రోజు మధ్యాహ్నం, సాయంత్రంలోగా సంతకాలై వెళ్ళిపోవాల్సిన స్టేట్‌మెంట్లు సగం వచ్చాక, నల్ల ఇంకు అయిపోయిందని మెసేజ్ చూపించి ఆగిపోయింది. ఇంకు అయిపోయింది అన్న మాట వినపడితే చాలు, మా ఆఫీసులో అందరికీ ఒకేసారి అర్జెంటు ఫోన్లు వస్తాయి. మాట్లాడుకుంటూ వరండాలోకి జారుకుంటారు. నా ఫోను ఛార్జింగ్‌లో ఉండిపోవడం వల్ల పారిపోయే దారి లేక, జరిగిందంతా కళ్ళారా చూడాల్సి వచ్చింది.

రంగంలోకి దిగింది అకౌంట్స్ సారు. మంచి మనిషి, మహా జాగ్రత్తపరుడు, తెల్ల చొక్కా తప్ప వెయ్యరు. యంత్రం ఏదైనా సరే చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకాలన్నది ఆయన సిద్ధాంతం, పీకేశారు. మిగతా ఏ యంత్రం దగ్గరైనా ఈ పద్ధతికి దండం పెట్టొచ్చు గానీ, ఇంకుజెట్ ప్రింటర్ దగ్గర ఈ జాగ్రత్తే కొంప ముంచుతుంది. పని లేనప్పుడు కార్ట్రిడ్జులను, అంటే ఇంకు డబ్బీలను, మోసే క్యారేజ్ ఓ చివరకి వెళ్ళి రబ్బరు మూతల మీద కూర్చుంటుంది, ఇంకు వచ్చే సన్న రంధ్రాలు ఎండిపోకుండా. అక్కడుంటే లాగినా రాదు. కరెంటు ఉండి, మూత తెరిస్తేనే మధ్యకి వస్తుంది. అంటే ప్లగ్ ఉంచి, తెగించి చెయ్యి పెట్టినవాడికే దారి ఇస్తుందన్నమాట, జాగ్రత్తపరుడికి కాదు.

కానీ అసలు మూత ఏదో తెలిస్తే కదా. సారు ముందు పైన మూత ఎత్తారు, స్కానర్ అద్దం వచ్చింది. అద్దంలో ఆయన మొహం కనిపించింది గానీ ఇంకు కనిపించలేదు. వెనక్కి వెళ్ళి అక్కడున్న తలుపు లాగారు, అది కాగితం ఇరుక్కున్నప్పుడు తీసే తలుపు, ఊడి చేతిలోకి వచ్చింది. ముందున్న ట్రే లాగారు, కాగితాలన్నీ నేల మీద పరుచుకున్నాయి. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న అటెండరు, ఇక ఉండబట్టలేక, "సార్, అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది సార్, పక్కన చెయ్యి పెట్టే గాడి ఉంటుంది చూడండి" అన్నాడు. ఆ గాడి ఉందన్న మాట నిజమే, అడుగున, నీడలో, డబ్బా రంగులోనే, గోరు మాత్రమే పట్టేంత. సారు ఎత్తారు. మూడు వేళ్ళ మందం లేచి, పైనున్న అల్మరా అరకి ధన్‌మని కొట్టుకుంది.

దీనికి కారణం లేకపోలేదు. కార్ట్రిడ్జులు అటూ ఇటూ తిరిగే చోటు సరిగ్గా స్కానర్ కిందే ఉంటుంది, కాబట్టి వాటిని అందుకోవాలంటే స్కానర్‌ని మొత్తంగా ఎత్తాలి. అందుకే డబ్బా ఎత్తు జానెడే ఉన్నా దాన్ని వాడాలంటే పైన ఇంకో మూరెడు ఖాళీ కావాలి. ఆ మూరెడు పెట్టె మీద వేసిన కొలతల్లో పెద్ద అక్షరాలతో ఎక్కడా కనపడదు. కొన్ని మోడళ్ళలో కార్ట్రిడ్జులకి ముందువైపే చిన్న తలుపు పెడతారు. ఇంకొన్నిటిలో కార్ట్రిడ్జులు కదలకుండా ముందు మూల కూర్చుంటే, అక్కడి నుంచి సన్న గొట్టాల్లో ఇంకు, కాగితం మీద చుక్కలు చిమ్మే ప్రింట్ హెడ్‌కి వెళుతుంది. అలా చేస్తే మూత ఎత్తే పని ఉండదు, అల్మరాకి దెబ్బా తగలదు. గొట్టాలు పెడితే లోపల పని పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది, నిజమే. కానీ ప్రింటర్‌ని ముందుకి లాగే మనిషి నడుం ఖర్చు ఎవరూ లెక్క వెయ్యరు కదా.

మొత్తానికి ప్రింటర్‌ని బల్ల అంచుదాకా లాక్కొచ్చి, ఆ లాగడంలో కంప్యూటర్ కేబుల్ ఊడగొట్టి, మూత పూర్తిగా ఎత్తి, అటెండరు మాట మీద ప్లగ్ మళ్ళీ పెట్టారు. అంతే, మూల నక్కి ఉన్న క్యారేజ్ చుట్టాలొచ్చిన చప్పుడు విన్న పిల్లాడిలా ఒక్క ఉదుటున మధ్యలోకి పరుగెత్తుకొచ్చింది. లోపల చెయ్యి పెట్టి ఉన్న సారు కెవ్వున అరిచి వెనక్కి గెంతారు. వరండాలో ఫోన్లు మాట్లాడుతున్నవాళ్ళంతా ఒకసారి తొంగి చూసి, మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

క్యారేజ్‌లో రెండు కార్ట్రిడ్జులు. ఒకటి నలుపు, ఇంకోటి మూడు రంగులూ కలిపి ఒకే డబ్బాలో ఉండేది, ఆ మూడింట్లో పసుపు ఒక్కటి అయిపోయినా మిగతా రెండు రంగుల్నీ దానితో పాటు సాగనంపాల్సిందే. ఏది ఏదో తెలియడానికి గుర్తులు వేశారు, వెయ్యకేం, నల్ల ప్లాస్టిక్ మీద నల్లటి ఉబ్బెత్తు అక్షరాలతో. సారు కళ్ళజోడు పైకి తోసి, కిందకి దించి, చివరికి తీసి జేబులో పెట్టుకుని చూశారు. కార్ట్రిడ్జ్ బయటికి రావాలంటే కొన్ని ప్రింటర్లలో కిందకి నొక్కాలి, కొన్నిట్లో పైన క్లిప్ ఎత్తాలి, కొన్నిట్లో మనవైపుకి లాగాలి. సారు మూడూ కలిపి ఒకేసారి చేశారు, వచ్చింది. వచ్చింది రంగుల కార్ట్రిడ్జ్.

నిండుగా ఉన్న ఆ కార్ట్రిడ్జ్‌ని ఎక్కడ పెట్టాలో తోచక, అంతకుముందే అచ్చయిన స్టేట్‌మెంట్ల కట్ట మీద, మూతి కిందకి వచ్చేలా పెట్టారు. తీసేసరికి పై కాగితం మీద నీలం, గులాబీ, పసుపు చారలు మూడు, పక్కపక్కనే, ఎంత స్పష్టంగా వచ్చాయంటే, మా ఆఫీసులో అంత నాణ్యమైన కలర్ ప్రింటు అంతకుముందెప్పుడూ రాలేదు.

ఇంతలో టైపిస్టు మేడమ్ ఫోన్ ముగించుకుని వచ్చారు. సారు చేతిలో కొత్త నల్ల కార్ట్రిడ్జ్, దాని రాగి పట్టీని గోటితో పీకుతూ. "అది కాదండీ! మూతికి అంటించిన రంగు టేపు ఒక్కటే పీకాలి, అది పీకేశారుగా. మీ బొటనవేలు కూడా అక్కడి నుంచి తీసెయ్యండి, ఇంకు వచ్చేదే అక్కడ!" అన్నారు మేడమ్. సారు వేలు తీసి చూసుకున్నారు. నల్లగా ఉంది. దాన్ని అలవాటు కొద్దీ చొక్కాకి తుడుచుకున్నారు. ఆ తరువాత ఓ నిమిషం పాటు గదిలో ఎవరం మాట్లాడలేదు.

ఆ మూతి దగ్గర వెంట్రుక కన్నా సన్నటి రంధ్రాలు వరసగా ఉంటాయి. ఒక్కో చుక్క కొన్ని పికోలీటర్లు, పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు. అంత సున్నితమైన చోట వేలిజిడ్డు అంటితే ప్రింటులో తెల్ల గీతలు పడకేం చేస్తాయి? మరి అంత సున్నితమైనదాన్ని సరిగ్గా మనిషి పట్టుకునే చోటే ఎందుకు పెట్టారు, వేలు పెట్టాల్సిన చోట కాస్త గరుకుగా చేసి, పెట్టకూడని చోట ఎర్ర గుర్తు వేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది? అన్నట్టు, వేడి తగిలించి ఇంకు చిమ్మించే ఈ విద్య కూడా అనుకోకుండా దొరికిందే. 1977లో కెనాన్ పరిశోధనశాలలో, ఇంకు ఉన్న సిరంజి సూదికి కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ పొరపాటున తగిలితే, సూది మొన నుంచి ఇంకు చిమ్మిందట. అప్పుడు ఎవరి చొక్కా మీద పడిందో చరిత్రకారులు రాయలేదు.

ఇక బిగించడం. నల్లది రంగుల గదిలో పెట్టారు సారు, సగం దిగి ఆగింది. ఆగినప్పుడు తప్పు గది అని ఎవరికైనా అనుమానం రావాలి గానీ, సారుకి యంత్రం మొండికేసిందని అనిపించింది, నొక్కారు. గదికో ఆకారం పెట్టి, ఒకదాని కార్ట్రిడ్జ్ ఇంకోదాంట్లో కొన కూడా దూరకుండా చెయ్యడం పెద్ద కష్టమేం కాదు. ఇంకు సీసాల్లోంచి పోసుకునే ట్యాంకు ప్రింటర్లలో కొన్ని మోడళ్ళకి అలాగే ఉంటుంది, నీలం సీసా మూతి పసుపు ట్యాంకుకి పట్టనే పట్టదు, ఎంత తొందరలో ఉన్నా తప్పు చేయనివ్వదు. మేడమ్ చెప్పాక సరైన గదిలోకి మార్చారు. టక్‌మని శబ్దం వచ్చేదాకా నొక్కండి అని లోపల బొమ్మ మీద ఉంది. ఆ డబ్బాలో టక్‌మనని భాగం ఒక్కటీ లేదు. మూత టక్, ట్రే టక్, క్లిప్ టక్, సారు మెడ కూడా వంగి వంగి టక్‌మంది.

మూత వేశాక ప్రింటర్ కాసేపు గురగురలాడి, రంగు చారలూ గళ్ళూ ఉన్న ఓ కాగితం బయట పెట్టింది. అలైన్‌మెంట్ పేజీ అది. దాన్ని తీసి స్కానర్ అద్దం మీద బోర్లా పెడితే, యంత్రం తన రాతను తనే చదువుకుని కార్ట్రిడ్జుల వరస సరిచేసుకుంటుంది. ఇదేమీ తెలియని అటెండరు, ప్రింటర్ లోంచి వచ్చింది కదా అని దాన్ని మిగతా స్టేట్‌మెంట్లతో కలిపి మేనేజర్ గారి టేబుల్ మీద పెట్టేశాడు. మా మేనేజర్ గారు తన ముందుకొచ్చిన ఏ కాగితానికైనా చివర్లో సంతకం పెడతారు, పెట్టారు. కింద తేదీ వేశారు. స్టాంపు కూడా వేయించారు.

వెతికి వెతికి ఆ పేజీ తెచ్చి అద్దం మీద పెడితే, చారల మధ్యలో పెద్దగా సాగిన ఆ సంతకాన్ని చూసి ప్రింటర్ ఒప్పుకోలేదు, అలైన్‌మెంట్ కుదరలేదు, మళ్ళీ చెయ్యమంది. మళ్ళీ చెయ్యడమంటే మళ్ళీ ఇంకో పేజీ, మళ్ళీ ఇంకు. రాత్రి లైట్లు వేశాక వచ్చాయి స్టేట్‌మెంట్లు, మూడు రంగుల చారలున్నది మళ్ళీ తీయాల్సి వచ్చింది అనుకోండి, అది వేరే.

నాకు మండేది ఎక్కడంటే, డబ్బా చిన్నది కాబట్టి కార్ట్రిడ్జ్ చిన్నది, చిన్నది కాబట్టి త్వరగా ఖాళీ, త్వరగా ఖాళీ కాబట్టి ఆ మూత మాటిమాటికీ ఎత్తాలి. అంటే మార్చడం ఎంత ఇరుకో, అంత తరచుగా మార్చాల్సి వస్తుంది. పెద్ద ప్రింటర్‌లో ఈ పని అరుదు, అక్కడేమో బారెడు తలుపు. కదిలే క్యారేజ్ మీద బరువు పెంచకూడదంటారు, సరే ఒప్పుకుందాం. కానీ ముందువైపు తలుపు, లోపల చిన్న బల్బు, కళ్ళజోడు తీయకుండా కనపడే రంగు గుర్తు, లాగడానికి ఓ చిన్న చెవి, వీటిలో బరువున్నదేది చెప్పండి?

ఇంకు మార్చడం సులువేనని పుస్తకంలో రాసేముందు దాన్ని ఎవరి చేతో మార్పించి చూసే ఉంటారు, బహుశా తయారుచేసిన ఇంజనీరు చేతే అయ్యుంటుంది. ఈసారి కొత్త మోడల్ తీసుకొచ్చేముందు కబురు పెట్టండి, మా అకౌంట్స్ సారుని ఓ పూట పంపిస్తాం. తెల్ల చొక్కా వేసి మరీ పంపిస్తాం.