మూడు తూటాల గ్రూపు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మూడు తూటాల గ్రూపు గారి సముఖమునకు,

మీరు కులాసాగానే ఉంటారు, మీకేం లోటు. రైఫిల్ గురి ఎంత కచ్చితమో చూడ్డానికి వరసగా కాల్చిన మూడు తూటాలు కాగితం మీద వేసే చిల్లుల గుంపు మీరు. వంద గజాల అవతల కాగితం మీద మూడు చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటే చాలు, పక్కన ఒక క్వార్టర్, అదే పావు డాలరు నాణెం, పెట్టి ఫోటో తీసి "సబ్ ఎంఓఏ బావా!" అని అర్ధరాత్రి వాట్సాప్‌లో పెట్టే భక్తులు మీకు ఊరూరా ఉన్నారు. క్వార్టర్ అడ్డకొలత 0.955 అంగుళం, ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం, వంద గజాల దగ్గర అది 1.047 అంగుళం, సబ్ అంటే అంతకన్నా తక్కువ, కాబట్టి మీరు నాణెం కింద దాక్కుంటే రైఫిల్ పరీక్ష పాసైనట్టే. కంపెనీలు మిమ్మల్ని గ్యారంటీ కార్డు మీదే అచ్చేసి అమ్ముతున్నాయి. అంత పలుకుబడి ఉన్నవారికి నాలాంటివాడు ఉత్తరం రాయడమేంటని అనిపించొచ్చు గానీ, కొలరాడోలో ఎల్క్, అదే ఇక్కడి పెద్ద దుప్పి, దాని సీజన్ దగ్గరపడుతోంది. ఇప్పుడు అడక్కపోతే మీరు మళ్లీ దొరకరు.

ముందు మావాడి సంగతి చెప్పాలి. డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్-1బి వీసా. ఆ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనకూడదని ఫెడరల్ చట్టం, అయితే చేతిలో వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం వర్తించదు. అందుకని మావాడు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసుకెళ్లి కార్డు తెచ్చుకుని, లైసెన్సు తీసుకుని, అప్పుడు వేట మొదలుపెట్టాడు. రైఫిల్‌తో వేట కాదండీ, రైఫిల్ కోసం వేట. చలికాలమంతా అదే పని. 1906లో అమెరికా సైన్యం తీసుకున్న .30-06 అనే తూటా రకం దగ్గర బయల్దేరి, 1925 నాటి .270 విన్చెస్టర్ మీదుగా, 1962 నాటి 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, 1963 నాటి .300 విన్చెస్టర్ మాగ్నమ్ దాటుకుని, 2007లో హార్నడీ కంపెనీ వాళ్లు తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి. ఒకప్పుడు తుపాకుల మీద వ్యాసాలు రాసే జాక్ ఓ'కానర్ .270ని నెత్తిన పెట్టుకుంటే, అదే పని చేసే ఎల్మర్ కీత్ లావుపాటి బరువైన తూటా లేనిదే వేటే కాదన్నాడు, వాళ్లిద్దరూ పోయినా ఆ తగువు తెగలేదు. ఇంతా చేస్తే కొలరాడో ప్రభుత్వం ఎల్క్‌కి అడిగేది .24 క్యాలిబర్ (గొట్టం అడ్డకొలత 0.24 అంగుళం), 85 గ్రెయిన్ల (దాదాపు ఐదున్నర గ్రాముల) బరువున్న, తగిలాక విచ్చుకునే తూటా, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్ల శక్తి, అంతే. మావాడి జాబితాలో ఉన్నవన్నీ ఆ గీతని సునాయాసంగా దాటేవే.

ఇక తేల్చాల్సిందల్లా పేల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే తన్ను భుజం ఎంత ఓర్చుకుంటుందన్నది. మాగ్నమ్ అంటే మందు ఎక్కువ పట్టే తూటా, .300 మాగ్నమ్ తన్ను క్రీడ్‌మూర్ తన్నుకి రెట్టింపు దాకా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కబోయే ముందే కళ్లు మూసుకునేవాడికి ఏ మాగ్నమ్ ఇచ్చి ఏం లాభం? ఈ మాట చెప్పబోయేసరికే మీరు రంగంలోకి దిగారు. తుపాకుల కొట్లో కౌంటర్ వెనకాల ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి చూపించాడు, అందులో మీరున్నారు, మావాడు లావాటి బ్యారెల్, ఇనప కడ్డీల్లాంటి స్టాక్ (భుజానికి ఆనించే భాగం) ఉన్న .300 మాగ్నమ్‌కి కార్డు గీకేశాడు.

సరే, మీ లెక్కే చూద్దాం. మూడు తూటాలు కాల్చి, అన్నిటికన్నా ఎడంగా పడ్డ రెండింటి మధ్య దూరం కొలిస్తే అది మీరు. సగటున మీరు ఒక అంగుళం వచ్చే రైఫిల్‌తోనే పదేసి తూటాలు కాల్చి కొలిస్తే సగటు అంగుళంన్నర దాటుతుంది. రైఫిల్‌కి ఏమీ కాలేదు, ఎక్కువ కాలిస్తే పక్కకి పోయేవి కూడా బయటపడతాయి. అవి బయటపడకముందే మీరు పెట్టె మూయించేస్తారు. పైగా మావాడు పొద్దున్నే రేంజికి వెళ్లి మిమ్మల్ని వరసగా కాల్చుకుంటూ పోతే ఒకటి రెండంగుళాలు వస్తుంది, ఇంకోటి అంగుళంన్నర, ఎక్కడో ఒకటి ముప్పావు. ఫ్రిజ్ మీదికెక్కేది ముప్పావుదే. మిగతా కాగితాలన్నిటి మీదా బాల్‌పెన్నుతో "ట్రిగ్గర్ గట్టిగా లాగేశాను", "బ్యారెల్ వేడెక్కింది", "పక్క బెంచి వాడు పేల్చాడు" అని రాసి ఉంటుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నారు గానీ, కుదిరిన ఒక్క చిందునే ఫోటో తీసి దాచుకునేవాడి గురించి పెద్దలు ఏమీ అన్నట్టు లేదు.

జీరో చేయడమంటే రైఫిల్ మీది దుర్బిణి, అదే స్కోపు, చూపించే చోటే తూటా పడేలా సరిచేయడం, అక్కడ మీ అల్లరి ఇంకో రకం. పాతిక గజాల్లో మొదలుపెట్టి, కాగితం మీద పడుతోందని చూసుకుని, వందకి వెళ్లి, గురిపెట్టిన చోటికీ తూటాలు పడ్డచోటికీ తేడా చూసి స్కోపు మీదుండే టరెట్ అనే మర తిప్పాలి, ఒక్కో క్లిక్కుకి వంద గజాల దగ్గర పావంగుళం. మావాడు మూడు కాలుస్తాడు, కాస్త కుడికి పడ్డాయని ఎడమకి ఒక క్లిక్కు. మళ్లీ మూడు, ఈసారి ఎడమకి పడ్డాయి, కుడికి ఒక క్లిక్కు. అంగుళం గ్రూపు వేసే రైఫిల్‌లో మూడు తూటాల నడిమి బిందువే కాల్చిన ప్రతిసారీ ఒక క్లిక్కంత అటూ ఇటూ జరుగుతుంటుంది, అలా తనంతట తాను ఊగేదాన్ని మావాడు తూటాల పెట్టెలు ఖాళీ చేసుకుంటూ వెంటాడుతున్నాడు. స్కోపు రింగుల స్క్రూలు బిగించావా అని అడిగితే ముందు కోపం, తరవాత మౌనం, తరవాత నా దగ్గర టార్క్ రెంచి ఉందా అని అడగడం. బ్యారెల్ చల్లారనిస్తూ, ఒకే రకం తూటాలు పది, ఒకే కాగితం మీద కాల్చి, ఆ మొత్తం గుంపు నడిమధ్యని చూసి ఒక్కసారి తిప్పితే అయిపోయే పని అది. కాకపోతే ఆ గుంపు ఫోటోకి బాగోదు, నాణెం కింద పట్టదు.

ఒకసారి కొండ మీదికి రండి. 200 గజాలకి జీరో చేసిన క్రీడ్‌మూర్, 143 గ్రెయిన్ల తూటా, 300 దగ్గర గురికన్నా దాదాపు 8 అంగుళాలు కిందికి దిగుతుంది, 400 దగ్గర 22, 500 దగ్గర 45. మాగ్నమ్ అయితే కొంత తక్కువ. ఈ దిగడం మాత్రం లెక్కకి లొంగుతుంది, దూరం కొలిచే యంత్రం ఉంది, ఫోన్లో యాప్ ఉంది, పదివేల అడుగుల ఎత్తులో గాలి సముద్ర మట్టం కన్నా పాతిక శాతం పైగా పలచన కాబట్టి ఆ సంగతి కూడా యాప్‌కి చెప్పుకోవచ్చు. లొంగనిది పక్కగాలి. 500 గజాల దగ్గర గంటకి 10 మైళ్ల అడ్డగాలి ఆ తూటాని అడుగు దాటి పక్కకి తోస్తుంది. మావాడి చెంపకి తగిలే గాలి ఒకటి, మధ్యలో లోయలో ఊగే ఆస్పెన్ చెట్ల ఆకులు చెప్పేది ఇంకొకటి, అవతలి వాలు మీద ఎల్క్ దగ్గర వీచేది మూడోది. పొద్దున చల్లగాలి కిందికి జారుతుంది, ఎండెక్కాక అదే పైకి లేస్తుంది. తూటా అంత దూరం వెళ్లడానికి అర సెకను పైగా పడుతుంది, ఈలోగా ఎల్క్ ఒక్క అడుగు ముందుకేస్తే ఊపిరితిత్తుల్లో తగలాల్సింది కడుపులో తగులుతుంది.

అక్కడ మీరుంటారా? ఉండరు. సిమెంటు బల్ల, ముందూ వెనకా ఇసుక సంచులు, నెత్తిన రేకుల కప్పు లేనిదే మీరు కాలు బయట పెట్టరు. మాటలు మాత్రం 800 గజాల కోటలు దాటుతాయి. మావాడు అక్కడ రొప్పుతూ, ఏటవాలు మీద జారుతూ, బ్యాక్‌ప్యాక్ మీద బ్యారెల్ ఆనించకూడదని మర్చిపోయి ఆనించి, ఫ్రిజ్ మీది మిమ్మల్ని తలుచుకుని కాలుస్తాడు. కడుపులో తగిలిన ఎల్క్ అక్కడికక్కడే పడదు, గాయంతోనే గంటల తరబడి దట్టమైన చెట్లలోకి నడిచిపోతుంది. దాన్ని వెతికే ప్రయత్నం చేసి తీరాలని కొలరాడో నియమం. వెతకాల్సింది వాడు, పక్కన టార్చిలైటు పట్టుకోవాల్సింది నేను, ఆ బాధ పడేది ఎల్క్. ఆ రాత్రి మీరెక్కడుంటారు? ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద, వెచ్చగా.

అందుకని నాదొక విన్నపం. ఎనిమిదంగుళాల కాగితం పళ్లెం ఒకటి పెడతాం. బల్ల లేదు, ఇసుక సంచి లేదు. మావాడు గుట్టెక్కి వచ్చి, కూచుని, చల్లటి బ్యారెల్‌తో ఒక్క తూటా కాలుస్తాడు. మర్నాడు ఇంకో దూరం నుంచి ఇంకొకటి. ఎంత దూరం దాకా ఆ మొదటి తూటా ఎప్పుడూ పళ్లెం తప్పదో అదే మావాడి దూరం, 250 అయితే 250, ఆ అంకెని టేపు మీద రాసి స్టాక్‌కి అంటిస్తాం, అంతకన్నా దూరంలో ఎల్క్ కనిపిస్తే దగ్గరికి నడుస్తాం, అది వెళ్లిపోతే వెళ్లిపోయిందని ఇంటికొస్తాం. ఆ చిల్లుల పళ్లెం ఫ్రిజ్ మీదికి వస్తుంది. మీరు కాస్త పక్కకి జరగాలి.

ఇట్లు,
రేంజిలో మీ కాగితాలు ఏరిపెట్టే బావ

తా.క.: వచ్చే ఏడు ఐడహో రాష్ట్రానికి కూడా వెళ్దామంటున్నాడు. అక్కడ స్కోపు, పట్టీ, తగిలించినవన్నీ కలిపి రైఫిల్ 16 పౌండ్లు దాటితే పెద్ద జంతువుల వేటకి పనికిరాదని రూలు. తూకం వేసి చూసుకోరా అన్నాను. ఇప్పుడు గ్యారేజీలో బైపాడ్, అదే రైఫిల్ ముందు తగిలించే రెండు కాళ్ల స్టాండు, ఊడదీసి మళ్లీ తూస్తున్నాడు.