“ఏ వయసు పిల్లలకైనా” అన్న మాటే ప్రమాదం

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు నలుగురు పంపారు. టెన్త్ బ్యాచ్ గ్రూపులో అయితే రెండుసార్లు వచ్చింది. ఒక చంటిపాపకు న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ అట. కాలేయం నిండా పాకింది, ఒంటి మీద నీలం గడ్డలు. డాక్టర్లు మందేమీ ఇవ్వకుండా ఇంటికి పంపేస్తే, పసరు తాగించారు, ఏడాదిలో అంతా మాయమైంది. కాబట్టి ఏ వయసు పిల్లలకైనా ఇదే మందు. దాని కింద మరో మూడు: టీకాల వల్లే ఇది వస్తోంది, బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేస్తే క్యాన్సర్ పాకుతుంది, దీన్ని ముందే పట్టడానికి ఆరు నెలలకు ప్రతి బిడ్డకూ మూత్రపరీక్ష చేయించాలి.

టీకాల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఈ గడ్డ పుట్టేది పిండదశలో నాడీకణాలుగా మారాల్సిన కణాల్లో. కొందరికి తల్లి కడుపులో ఉండగానే స్కానింగ్‌లో కనిపిస్తుంది. అప్పటికి ఆ బిడ్డకు ఏ టీకా వేశారు?

బయాప్సీ వల్ల పాకుతుందన్నదీ తప్పే. మెసేజ్‌లో ఉన్న పాపకు సూది గుచ్చకముందే కాలేయానికి పాకింది కదా! బయాప్సీలో తీసిన ముక్కలో ఎమ్‌వైసీఎన్ అనే జన్యువు కాపీలు విపరీతంగా పెరిగి ఉన్నాయా లేదా అని చూస్తారు. పెరిగి ఉంటే చంటిబిడ్డలో కూడా జబ్బు మొండిగా ఉంటుంది, గట్టి చికిత్స కావాలి. పరీక్ష వద్దని భయపెట్టడమంటే ఆ సంగతి తెలియకుండా చేయడమే.

మూత్రపరీక్ష మాట మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు. జపాన్ కూడా అలాగే అనుకుంది. 1984లో ఆరు నెలల పిల్లలందరికీ మొదలుపెట్టింది. కేసులు కుప్పలుగా దొరికాయి. కానీ కెనడాలోని క్యుబెక్‌లోనూ జర్మనీలోనూ ఇలాంటి పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదని 2002లో తేలింది. వాటంతట అవే కరిగిపోయే గడ్డలు బయటపడి, అక్కర్లేని ఆపరేషన్లు, కీమోలు జరిగాయి. 2004లో జపాన్ ఆ కార్యక్రమాన్ని ఆపేసింది.

ఇక పసరు. ముందుగా ఒకటి ఒప్పుకుంటాను. ఆ పాప కథ నిజమే అయ్యుండొచ్చు. కాలేయానికీ చర్మానికీ పాకిన క్యాన్సర్ మందు లేకుండా కరిగిపోవడం నిజంగా జరుగుతుంది. 1971లో డాంజియో, ఎవాన్స్, కూప్ అనే ముగ్గురు డాక్టర్లు లాన్సెట్ అనే వైద్య పత్రికలో దీన్ని వర్ణించారు. దానికి 4ఎస్ అని పేరు వచ్చింది. ఏడాది లోపు పిల్లలు, జబ్బు పాకింది చర్మానికో, కాలేయానికో, ఎముక మూలుగకు కొద్దిగానో. ఎముకలకు మాత్రం కాదు. ఇప్పటి వర్గీకరణలో ఎమ్‌ఎస్ అంటారు, వయసు పరిమితి 18 నెలలు. వీళ్లలో పదిమందికి ఎనిమిది, తొమ్మిది మంది బతుకుతారు. చాలామందికి కనిపెట్టి చూడటమే చికిత్స.

అంటే డాక్టర్లు ఆ పాపను ఇంటికి పంపింది ఆశ వదులుకుని కాకపోవచ్చు. తగ్గే రకమని గుర్తుపట్టి, స్కానింగులకు మళ్లీ రమ్మని పంపి ఉండొచ్చు. పేరు మాత్రం పసరుకు దక్కింది.

పాపకు తగ్గిందంటే నాకూ సంతోషమే. నా కోపమంతా “ఏ వయసు పిల్లలకైనా” అన్న మాట మీద. అదే క్యాన్సర్ రెండేళ్ల పిల్లాడికి ఎముకల్లోకి పాకితే అది కరిగేది కాదు. కీమో, ఆపరేషన్, మూలకణ మార్పిడి, రేడియేషన్, ఇమ్యునోథెరపీ అన్నీ అందినా సుమారు సగం మందే దీర్ఘకాలం బతుకుతున్నారు. ఆ పిల్లాడి తండ్రి ఈ మెసేజ్ నమ్మి రెండు నెలలు పసరు పోస్తూ కూర్చుంటే, ఆ రెండు నెలలు ఎవరు తిరిగి తెచ్చిస్తారు? ఫార్వర్డ్ చేసిన మీరా?

చంటిపిల్లలకైనా ఇది నిశ్చింత కాదు. ముఖ్యంగా రెండు నెలల లోపు బిడ్డకు కాలేయం రోజుల్లో ఉబ్బి ఊపిరితిత్తులను పైకి నొక్కేయొచ్చు. అప్పుడు వెంటనే కొద్ది మోతాదు కీమో ఇవ్వాలి, కొన్నిసార్లు కాలేయానికి రేడియేషన్. తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దనే వయసులో, ఆయాసపడుతున్న బిడ్డ గొంతులో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

పాప పొట్ట ఉన్నట్టుండి పెద్దదైనా, ఒంటి మీద నీలం గడ్డలు కనిపించినా, దెబ్బ తగలకుండా కళ్ల చుట్టూ కమిలినట్టు నల్లబడినా, కాలు కింద పెట్టనని ఏడుస్తున్నా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి. గ్రూపులో నేను అడిగింది ఒక్కటే: పాపకు ఎన్ని నెలలు, ఎముకల్లో ఉందా లేదా? పంపిన నలుగురిలో ఎవరికీ తెలియదు.